గనుల శాఖ మంత్రి గారికి: ఇసుక ఫైలులో మా గ్రామసభ తీర్మానం ఎక్కడ?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గనుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నాగావళి ఒడ్డున ఒక చిన్న పంచాయతీకి ఒక విడత సర్పంచ్‌గా చేసినదాన్ని. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున్నే మా కార్యదర్శికి ఫోన్లు మొదలవుతాయి. ఆ అబ్బాయి కొత్తగా చేరాడు, వాడికెందుకు ఈ టెన్షన్. పైగా నేను చెప్పబోయేది ఏటి వెంబడి ఏ ఊరిని అడిగినా చెప్పే సంగతే.

మా ఏట్లో ఒక ఊటబావి ఉంది. ఇసుకలోకి సిమెంటు ఒరలు దించి, అడుగున చిల్లుల పైపులు పరిచి కట్టారు. ఏటి నీరు ఇసుకలోంచి వడకట్టుకుని ఆ పైపుల్లోకి దిగుతుంది, మోటారు దాన్ని ట్యాంకుకి ఎక్కిస్తుంది, అక్కణ్ణుంచి నాలుగూళ్ల కుళాయిలకి వెళ్తుంది. ఇసుకే మా ఫిల్టరు. నేను పదవిలోకి వచ్చిన ఏడాది పై ఒర ఇసుక మీద మూరెడే కనబడేది, పిల్లలు ఎక్కి కూర్చునేవారు. దిగిపోయేనాటికి నాలుగు ఒరలు బయటపడ్డాయి. ఇప్పుడు దాని మీదికి ఎక్కాలంటే నిచ్చెన కావాలి. నేను దిగిపోయిన వేసవిలో కుళాయి తిప్పితే ముందు గాలి వచ్చేది, తర్వాత ఎర్రనీళ్లు. మా చిన్నప్పుడు ఎండాకాలం ఏట్లోకి దిగి చేత్తో చెలమ తవ్వితే మోచేతి లోతుకే నీళ్లు ఊరేవి. ఇప్పుడు అదే చోట గునపం దించితే జిగటమన్ను తగులుతోంది.

బావికి దగ్గర్లోనే రీచ్, అంటే ఇసుక తవ్వకానికి అనుమతించిన చోటు, పెట్టారు. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం మన వాల్టా చట్టం 2002లో వచ్చింది. వంతెనలు, ఆనకట్టలు, తాగునీటి, సాగునీటి బావులకి 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని దాని నియమాలు చెబుతాయి. నేను టేపు పట్టుకుని కొలవలేదు గానీ, రీచ్‌లో పొక్లెయిన్ ఇంజను ఆపితే బావి దగ్గర మాటలు వినబడేవి. ఒకరోజు టిప్పర్ ఆపి అడిగాను. డ్రైవరు ఫోన్‌లో వే బిల్లు చూపించాడు. తప్పేం లేదు, బిల్లు సరిగ్గానే ఉంది. సంబంధిత ఆఫీసుకి వెళ్తే ఒక అధికారి కుర్చీ వేసి, మర్యాదగానే చెప్పాడు: "ఇది పంచాయతీకి సంబంధం లేని విషయమమ్మా. మీరు రోడ్డు సంగతి చూసుకోండి." ఆ రోడ్డుని పాడు చేసింది ఆ టిప్పర్లేనని అక్కడే అనేశాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాననుకోండి, ఏం చేస్తాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజమే. రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 11వ షెడ్యూలులో పంచాయతీలకి అప్పగించదగినవంటూ 29 అంశాలు రాశారు. తాగునీరు అందులో ఉంది, నీటి యాజమాన్యం ఉంది, చిన్న నీటిపారుదల ఉంది, రోడ్లు, కల్వర్టులు ఉన్నాయి. ఇసుక పోతే పాడయ్యేవన్నీ మా లెక్కలోనే ఉన్నాయి. ఇసుక మాత్రం 1957 గనుల చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజం. దాని మీద నియమాలు చేసే అధికారం 15వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. నష్టం మా పద్దులో, అనుమతి మీ శాఖ ఫైలులో. ఈ రెండూ ఎక్కడా కలవవు.

ఇంకో సంగతి చూడండి. గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లోంచి దిగే గెడ్డల నీళ్లు నాగావళికే చేరతాయి. అది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతం. అక్కడ చిన్నతరహా ఖనిజాలకి లీజు ఇవ్వాలంటే గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ ముందుగా సిఫారసు చేయాల్సిందేనని 1996 పెసా చట్టం చెబుతోంది. అది అక్కడ ఎంత బాగా అమలవుతోందన్నది వేరే కథ, మీకు నాకంటే ఎక్కువే తెలుసు. కనీసం కాగితం మీదైనా ఆ ఊళ్లకి ఒక మాట ఉంది. అవే నీళ్లు, అదే ఇసుక, మైదానంలోకి దిగేసరికి ఊరి నోరు మూతపడిపోతుంది. గిరిజనుల హక్కులకి వేరే చరిత్ర ఉంది, వేరే పోరాటం ఉంది, దాన్ని మాకూ పంచమని అడగడం లేదు. ఏటి పక్క ఊరిని అడిగి ఏట్లో దిగడం అన్న పద్ధతి ఒక్కటి మాకూ వర్తింపజేయమంటున్నాను.

ఇసుక విధానాలు మారలేదని నేననను. 2014లో డ్వాక్రా సంఘాలకి ఇచ్చారు. 2016లో ఉచితం అన్నారు. 2019లో ఖనిజాభివృద్ధి సంస్థకి, 2021లో ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. 2024లో మళ్లీ ఉచితం. మారిన ప్రతిసారీ ఇసుక ఎవరు అమ్మాలి, ఎంతకమ్మాలి అన్నదే చర్చ. తవ్వొచ్చా, ఎక్కడ తవ్వాలి, ఎక్కడ ఆపాలి అని ఒడ్డున ఉన్నవాళ్లని అడగడం ఏ విధానంలోనూ చూడలేదు.

ఉచిత ఇసుకకి నేను వ్యతిరేకిని కాను. మా ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లకి అది నిజంగా ఊరట. కానీ 2024 అక్టోబరులో సీనరేజి, అంటే ఇసుక తీసినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము, కూడా తీసేశారు. ఆ సీనరేజిలోంచే జిల్లా పరిషత్తుకి, మండల పరిషత్తుకి, పంచాయతీకి వాటాలు వచ్చేవి. మా వరకు వచ్చేది కొంచెమే, అదీ ఆలస్యంగానే. అయినా ఆ డబ్బుతో కనీసం గుంతల్లో గ్రావెల్ పోయించేదాన్ని. ఇప్పుడు టిప్పర్లు తగ్గలేదు, గుంతలు తగ్గలేదు, వాటా పోయింది. ఇల్లు కట్టుకునేవాడి మీద భారం వద్దన్నారు, సంతోషం. ఆ భారం నాలుగూళ్ల తాగునీటి మీదా, ఒక చిన్న పంచాయతీ జనరల్ ఫండు మీదా పడకూడదు కదండీ. ప్రభుత్వం వదులుకున్న ఆదాయానికి మా వాటా ఎందుకు వదులుకోవాలి? ఆ మేరకు ఖజానా నుంచి నేరుగా పంచాయతీ ఖాతాలో వేయండి. గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాల కోసమే జిల్లా ఖనిజ నిధి ఉంది. దానికి పంపే ప్రతిపాదనల్లో రీచ్ ఉన్న ఊరి బావి మొదటి వరసలో ఉండాలి.

"సర్పంచుల చేతికిస్తే వాళ్లే అమ్ముకుంటారు" అని మీ అధికారులు మీతో అంటారు. నిజం చెప్పాలంటే కొందరు అమ్ముకుంటారు కూడా. నా హయాంలోనే మా వార్డు సభ్యుడొకాయన రాత్రిపూట సొంత ట్రాక్టరు తిప్పేవాడు. నేనడిగితే మూడు నెలలు మాట్లాడ్డం మానేశాడు. అందుకే సర్పంచ్ సంతకం అడగడం లేదు, గ్రామసభ తీర్మానం అడుగుతున్నాను. ఇసుక తోలే ఇంటివాళ్లూ, నీళ్లు మోసే ఇంటివాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తేల్చుకోవాలి. సభలో ఆడవాళ్లుంటే ఒరల లెక్క ఎవరూ దాచలేరు.

దీనికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. చిన్నతరహా ఖనిజాల నియమాలు మన రాష్ట్రానివే, 1966 నాటివి, ఎన్నోసార్లు సవరించినవి. రీచ్ గుర్తించే ముందు ఆ ఊరి గ్రామసభ తీర్మానం ఫైలులో ఉండాలని ఒక్క నియమం చేర్చండి. ఊరు వద్దంటే కారణం రాసి మరీ పక్కన పెట్టండి, ఊరికే తోసేయకండి. బావికి 500 మీటర్ల గీత ఎక్కడ పడుతుందో రాళ్లు పాతి చూపించండి. ఆ రాయి దాటి యంత్రం కదిలితే ఆపించే అధికారం పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. తహసీల్దారు వచ్చేదాకా ఆగితే అప్పటికి యంత్రం ఉండదు, గొయ్యి మాత్రం ఉంటుంది.

జిల్లా సర్వే నివేదిక సంగతి కూడా. ఇసుక ఎక్కడెంత ఉందో, ఎంత తీయొచ్చో అందులో ఉంటుంది. 2016 నుంచి దాని ముసాయిదాని 21 రోజులు కలెక్టరేట్‌లో, జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలి. పెడుతున్నారు, కాదనను. నాకు దొరికింది మాత్రం అంతా ఇంగ్లీషే, పట్టికలు, అక్షాంశాలు, రేఖాంశాలు. మా ఊరి పేజీ ఏదో కనిపెట్టడానికే మా మనవడికి ఒక పూట పట్టింది. ఏ ఊరి పేజీ ఆ ఊరికి తెలుగులో పంపి, గ్రామసభలో గట్టిగా చదివిస్తే చాలు. అందులో రాసిన ఇసుక లోతు ఏట్లో ఉందో లేదో మా పశువుల కాపరి గడకర్ర దించి చెప్పేస్తాడు.

వీలైతే వానలు పడకముందే ఒకసారి రండి. ముందుగా కబురు చేయకండి. చేస్తే ఆ రోజు పొక్లెయిన్లు కనబడవు, రోడ్డు గుంతల్లో రాత్రికి రాత్రే మట్టి పడుతుంది. ఊటబావి దగ్గర నిచ్చెన మాత్రం వేసే ఉంటుంది.

ఇట్లు,
నాగావళి ఒడ్డు నుంచి
ఒక మాజీ సర్పంచ్