మీ వీడియో తిరగబడలేదు

నాన్నా,

నమస్కారాలు. నేను బాగున్నాను, పని మామూలే. మీరు పంపిన మబ్బుల టైమ్‌ల్యాప్స్‌ వీడియో (ఆగి ఆగి తీసిన ఫొటోల్ని వేగంగా ఆడించేది) నాలుగుసార్లు చూశాను.

తీగ మీద బట్టలు తూర్పుకి ఎగురుతుంటే పైన పల్చటి మబ్బు పడమరకి పోతోంది, ఫోను తిరగేసి తీసిందేమో అన్నారు కదా. ఫోను తప్పేం లేదు. రుతుపవనాల రోజుల్లో మన దక్షిణాదిన కిలోమీటరున్నర ఎత్తు దాకా పడమటి గాలి గట్టిగా ఉంటుంది. పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల ఎత్తులో మాత్రం తూర్పు గాలి. మీ ఈకల మబ్బు ఆ పైగాలిలో పోతోంది. మామూలుగా చూస్తే ఈ రెండు పొరలూ విడిగా తెలియవు. వీడియోలో వేగం పెంచినప్పుడే ఒకదాని మీద ఇంకొకటి ఎదురు నడుస్తాయి.

కాకపోతే ఒక చోట నిజంగానే పొరబడతాం. ఫోను బోర్లా పెట్టి వెనక కెమెరాతో నడినెత్తిన తీసినప్పుడు, బొమ్మలో పైవైపు ఉత్తరం అనుకుంటే తూర్పు ఎడమ చేతికి వస్తుంది. పటంలోలాగా కుడికి రాదు, ఎందుకంటే మనం కిందనుంచి చూస్తున్నాం. పైగా బోర్లా పెట్టాక నిలువేదో అడ్డమేదో ఫోనుకి తెలీదు. అందుకని తీయడం మొదలుపెట్టగానే ఉత్తరం వైపు నుంచి వేలు ఒక పావు నిమిషం కెమెరా మీదికి పెట్టండి. ఆ వేలు వచ్చిన అంచే ఉత్తరం.

వెలుగు ఎగిరెగిరి పడటం గురించి. తెల్ల మబ్బు అడ్డం రాగానే ఫోను తనంతట తాను బొమ్మని నల్లబరుస్తోంది, అది పోగానే మళ్లీ తెల్లబరుస్తోంది. తెర మీద మబ్బుని వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకసూ వెలుగూ లాక్‌ అవుతాయి. తర్వాత వెలుగు ఒక్క పిసరు తగ్గించండి, లేకపోతే మబ్బు అంచులు సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయి కదలిక తెలీదు. ప్రో మోడ్‌ ఉంటే వైట్‌ బ్యాలెన్స్‌ని ఎండ గుర్తు దగ్గర ఆపేయండి. ఫోనుని ఫ్లయిట్‌ మోడ్‌లో పెట్టండి, మధ్యలో నేను ఫోన్‌ చేస్తే రికార్డింగ్‌ ఆగిపోతుంది!

5 సెకన్లకొక ఫొటో చాలు. అరగంటకి 360 అవుతాయి, సెకనుకి 24 చొప్పున ఆడిస్తే 15 సెకన్ల వీడియో. కింద పరిగెత్తే తునకలకైతే 2 సెకన్లు పెట్టండి, లేకపోతే అవి కప్పల్లా గెంతుతాయి. పైన ఈకల మబ్బుకి 10 సరిపోతుంది. ఫోనులో ముందే ఉండే టైమ్‌ల్యాప్స్‌ని నమ్మకండి. కొన్ని ఫోన్లు ఎక్కువసేపు తీసేకొద్దీ ఫొటోల మధ్య ఎడం పెంచేస్తాయి, ఇక వేగం లెక్క కుదరదు.

వేగం లెక్క అడిగారు. మధ్యాహ్నం లేచే దూదిమబ్బులకైతే ఉష్ణోగ్రతలోంచి, గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత అయిన డ్యూ పాయింట్‌ తీసేసి 125తో హెచ్చవేయండి, మబ్బు అడుగు ఎత్తు మీటర్లలో వస్తుంది. ఉష్ణోగ్రత 32, ఇది 24 అయితే వెయ్యి మీటర్లు. చెయ్యి బారుగా చాపితే పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. నడినెత్తిన ఆ మబ్బు పిడికిలంత దూరం 20 సెకన్లలో దాటితే సుమారు 175 మీటర్లు జరిగినట్టు, అంటే గంటకి 31, 32 కిలోమీటర్లు. వాలుగా ఉన్న మబ్బుకి ఈ లెక్క పనికిరాదు.

ఉరుము వినబడ్డాక కూడా డాబా మీదే ఉన్నారని అమ్మ చెప్పింది. తిట్టమనే చెప్పింది. నేను తిట్టను గానీ, ఉరుము వినబడేంత దగ్గరుంటే పిడుగు కూడా అంత దగ్గరే. స్టాండు అక్కడే వదిలేసి కిందికి వచ్చేయండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా పైకి వెళ్లొద్దు. ఫోను పోతే పోయింది.

అలాంటప్పుడు లోపల కూర్చుని మన ఉపగ్రహం ఇన్‌శాట్‌ బొమ్మలు చూడండి. అరగంటకొకటి వస్తుంది. వాటి మీద యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైము ఉంటుంది, ఐదున్నర గంటలు కలుపుకోవాలి: 03:00 అంటే మీకు ఉదయం 8:30. విజిబుల్‌ బొమ్మ ఎండ వెలుగుతో తీసేది, రాత్రి పనిచేయదు; వేడిని బట్టి తీసే, ఇన్‌ఫ్రారెడ్‌ తీసుకోండి. అందులో తెల్లగా ఉన్నది చల్లటిది, అంటే ఎత్తైన మబ్బు. కిందిమబ్బు నేలతో కలిసిపోయి బూడిదరంగులో ఉంటుంది, కనబడలేదని లేదనుకోకండి.

పెద్ద మబ్బు అంచుని పట్టుకుని గాలి దిక్కు చెప్పడం మీ పాత అలవాటు. ఒక పక్క కొత్త మబ్బు పుడుతూ ఇంకో పక్క కరిగిపోతుంటే, గాలికి ఎదురుగా కూడా అది నడిచినట్టే ఉంటుంది. విడిగా ఉన్న చిన్న తునకని పట్టుకోండి. ఉపగ్రహం బొమ్మల నుంచి గాలి వేగం తీసే పద్ధతీ ఇదే. 1966లో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్‌-1 మీద ఆ దేశపు వాతావరణ శాస్త్రవేత్త వెర్నర్‌ సువోమీ పెట్టించిన కెమెరాతోనే ఇది మొదలైంది. ఉరుముల మబ్బు నెత్తిన కమ్మరి దాగలిలా పరుచుకునే భాగం ఏ వైపు సాగితే పైగాలి అటు పోతోందన్నమాట. ఈ రోజుల్లో మీకు ఎక్కువగా పడమరకే సాగాలి.

నేనిక్కడ లేవగానే ఉపగ్రహం బొమ్మల్లో చూసేది కూడా మీ మీది మబ్బే.

ఈసారి సాయంత్రం నాలుగింటికి తీయండి, ఎండ కెమెరాకి ఎదురుగా పడకుండా. వేలు మర్చిపోకండి. అమ్మ మోకాలి సంగతి ఆదివారం ఫోన్లో.

మీ
చిన్నోడు