మా నిద్ర మురుగు కాలువలో ఇరుక్కుంది

అయ్యా,

పోయిన ఆదివారం మీ పత్రికలో వాతావరణ మార్పుల బెంగతో నిద్ర పట్టనివాళ్లకు సలహాలు వేశారు. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను, అయినా కోపం తగ్గలేదు. పడుకునే ముందు గంటసేపు ఫోన్ ముట్టుకోకూడదట, తుపాను వార్తలు చూడకూడదట. గోరువెచ్చని పాలు సరేసరి. మలికిపురం మండలంలో, సముద్రం హోరు వినబడే ఊళ్లో, మేం ఫోన్ చూడకుండా పడుకుంటే తెల్లారేసరికి మంచం కింద నీళ్లుంటాయి.

మా అమ్మ 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన మనిషి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటుతుంటే పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు పాల కవర్లో చుట్టి, రొంటిన దోపుకుని గుమ్మంలో కూర్చుంది. ఇప్పటికీ మబ్బు పడితే ఆ కవరు బయటికి తీస్తుంది. దీన్ని మేం టెన్షన్ అంటాం, డాక్టర్లు ఏమంటారో వాళ్లిష్టం.

2021లో మన దేశంతో కలిపి 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్లవాళ్లు 10 వేల మందిని అడిగితే, 45 శాతానికి పైగా ఈ బెంగ రోజువారీ బతుకుకు అడ్డొస్తోందన్నారని రాశారు. నిజమే. మా అబ్బాయి తోట అమ్మేద్దాం నాన్నా అంటున్నాడు. వాడు పేపర్లో చదివి భయపడలేదు. మా మురుగు కాలువ శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి సముద్రపు పోటు నీళ్లు ఎగదన్ని, కొబ్బరి చెట్లు తలలు రాలి మోడులైపోతే కళ్లారా చూశాడు.

భూమి వేడెక్కడం మా చేతుల్లో లేదు, ఒప్పుకుంటాం. కాలువలో గుర్రపుడెక్క తీయడానికి కూడా ప్రపంచ సదస్సు పెట్టాలా? ఎండాకాలం అర్జీ ఇస్తే నిధులు రాలేదంటారు. వానాకాలం ఇస్తే నీళ్లుండగా పనెలా చేస్తామంటారు. మా చిన్నప్పుడు కాలువ కాపలా చూసే లస్కరు లాంతరు పట్టుకుని రాత్రిళ్లు గట్టు తిరిగేవాడు. అతని దగ్గు వినబడితే ఊరు నిద్రపోయేది. ఇప్పుడు లస్కరు లేడు, స్లూయిస్ తలుపు తుప్పు పట్టింది, అధికారులు మాత్రం వాట్సాప్‌లో అప్రమత్తంగా ఉన్నారు.

14416కి ఫోన్ చేయమనీ రాశారు. మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 నుంచి ఉన్న సర్కారు లైను, మంచిదే, అవసరమైనవాళ్లు చెయ్యాల్సిందే. మా అమ్మ చేత చేయించాను. అవతలి అమ్మాయి చాలా ఓపికగా మాట్లాడింది. "మీ భయం దేని గురించమ్మా?" అని అడిగింది.

"మా డ్రెయిను తవ్వలేదమ్మా" అంది మా అమ్మ.

— ఒక కొబ్బరి రైతు, కోనసీమ