రోము నుంచి తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు.

డాన్ బ్రౌన్ రాసిన 'ఏంజెల్స్ అండ్ డీమన్స్' నవల రాత్రంతా మేలుకుని చదివానని, అందులోని గెలీలియో కథ మీ తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతానని ఫోనులో అన్నావు. దయచేసి కొంచెం ఆగు. ఇది ఫోనులో తేలే విషయం కాదు.

కట్టుకథ కట్టుకథలా ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. కాని రోములోని కళాఖండాలు, సమాధులు, సొరంగాలు అన్నీ నిజమేనని, గెలీలియో సభ్యుడని నవల చెప్పే ఇల్యూమినాటి అనే రహస్య సంఘం కూడా నిజమేనని రచయిత ముందే హామీ ఇస్తున్నాడు. సంఘం ఉన్నమాట నిజమే. జర్మనీలోని బవేరియాలో ఆడమ్ వైస్‌హౌప్ట్ అనే ఆయన దాన్ని పెట్టింది 1776లో. గెలీలియో 1642లోనే పోయాడు, ఇక అందులో సభ్యుడెలా అవుతాడు? భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్‌ను చర్చి చంపించిందని కూడా రాశాడు. ఆయన 1543లో, డెబ్బై ఏళ్ళ వయసులో, జబ్బుచేసి పోయాడు. తన గ్రంథాన్ని అంకితమిచ్చింది పోప్ మూడో పాల్‌కే.

శిల్పి బెర్నినీ చెక్కిన సెయింట్ తెరెసా శిల్పం సంగతి ఇంకా అన్యాయం. అది అసభ్యంగా ఉందని పోప్ ఎనిమిదో అర్బన్ వాటికన్ నుంచి వెళ్ళగొట్టాడట! అర్బన్ 1644లో చనిపోయాడు, శిల్పం పని మొదలైంది 1647లో. కార్డినల్ కొర్నారో సాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చిలో తమ కుటుంబ ప్రార్థనా మందిరం కోసమే దాన్ని చేయించాడు. వెళ్ళి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పక్క గోడల్లో కొర్నారో వంశీకులు పాలరాతి బొమ్మలై, నాటకం చూడవచ్చిన పెద్దమనుషుల్లా కూర్చుని ఉంటారు. కింద నిలబడినవాళ్ళకు కనబడని కిటికీ ఒకటి పైన ఉంది. అందులోంచి దిగిన వెలుగు బంగారుపూత కిరణాల మీదుగా తెరెసా మీద పడుతుంది. గోడ, కిటికీ, బొమ్మ కలిపి ఒకే ఊహగా కట్టిన పని అది.

అసలు కథ ఇంతకంటే ఉత్కంఠగా ఉంటుందిరా. ఆ అర్బనే కార్డినల్‌గా ఉన్న రోజుల్లో గెలీలియోను మెచ్చుకుంటూ లాటిన్‌లో పద్యం రాశాడు. తర్వాత 1632లో వచ్చిన గెలీలియో పుస్తకంలో, అప్పటికి పోప్ అయిన అర్బన్‌కు ఇష్టమైన వాదం వాదనలో ఓడిపోయే పాత్ర నోట వినబడింది. మరుసటి ఏడు జూన్ 22న ఆ వృద్ధుణ్ణి ఇదే ఊళ్ళో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, భూమి తిరుగుతుందన్న మాట తప్పని చెప్పించారు. ముఠాల కథగా మార్చేస్తే, మిత్రుడి చేతిలోనే శిక్ష పడిన ఈ బాధంతా మాయమైపోతుంది.

సైన్సు ఒక గట్టున, మతం ఒక గట్టున నిలబడ్డాయని కూడా పిల్లలకు చెప్పకు. గెలీలియో నమ్మకమున్న క్యాథలిక్. పెద్ద కూతురు మరియా చెలెస్తె సన్యాసిని. మూడేళ్ళపాటు వారానికోసారి బైబిల్లోని ఏడు పశ్చాత్తాప కీర్తనలు చదవాలన్నది తండ్రికి పడిన శిక్షలో ఒక భాగం. ఆ భారం తాను మోస్తానని, అప్పుడే మొదలుపెట్టానని ఆమె ఆయనకు ఉత్తరం రాసింది. 1634లో, ముప్పై మూడేళ్ళకే పోయింది. ఆమె ఉత్తరాలు 124 మిగిలాయి, ఆయన జవాబులు ఒక్కటీ దొరకలేదు.

ఆ ఉత్తరాల ఇంగ్లీషు అనువాదం కొన్నాను. సంక్రాంతికి ఊరికి వచ్చే స్నేహితురాలి చేతికిచ్చి పంపుతాను. అది చదివాక పిల్లలకు ఏ కథ చెప్పాలో నువ్వే నిర్ణయించు.

ప్రేమతో,
అక్క