కరిగే మంచుతో త్రిత్వాన్ని వివరిస్తారా?

సంపాదకులకు,

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు, అయినా దేవుడు ఒక్కడే అనే క్రైస్తవుల త్రిత్వ సిద్ధాంతంపై మీరు వేసిన వ్యాసం, వారం తిరక్కుండా దానికి వేసిన జవాబు, రెండూ చదివాను. ఊరుకుందామనే చూశాను, వల్ల కాలేదు.

ఒకటీ ఒకటీ ఒకటీ కలిపితే మూడు కదా, ఒకటెలా అవుతుందని వ్యాసకర్త కొట్టిపారేశారు. ముగ్గురు దేవుళ్లు కలిసి ఒక దేవుడని విశ్వాస ప్రమాణంలో, అంటే సంఘం నమ్మేదాన్ని చెప్పే ప్రకటనలో, ఎక్కడుంది? సారం ఒకటి, వ్యక్తులు ముగ్గురు అన్నారు. లెక్కపెడుతున్నవి రెండు వేర్వేరు సంగతులు. పైగా 325లో నైసియాలో జరిగిన సంఘ పెద్దల సభలో త్రిత్వాన్ని పుట్టించారట! 'త్రిత్వం' అన్న మాటను అంతకు శతాబ్దం ముందే టెర్టులియన్ అనే క్రైస్తవ రచయిత లాటిన్‌లో వాడాడు.

జవాబు రాసినాయన మరీ నిరాశపరిచారు. ఒకే నీరు మంచుగా, ఆవిరిగా మారినట్టే త్రిత్వం కూడా అన్నారు. అంటే ఒకే దేవుడు మూడు వేషాలు మార్చాడనా? అది సబెల్లియస్ అనే ఆయన బోధ, 3వ శతాబ్దంలోనే సంఘం తోసిపుచ్చింది. చిన్నప్పుడు మా సండే స్కూల్లోనూ ఇదే చెప్పారు. మంచు కరిగాక కుమారుడు ఏమయ్యాడని అడిగిన పిల్లాణ్ణి నోర్మూసుకుని కూర్చోమన్నారు. వాడడిగింది సరైన ప్రశ్న. యోర్దాను నదిలో బాప్తిస్మం పొంది కుమారుడు, అంటే యేసు, నీళ్లలోంచి ఒడ్డుకు వస్తుంటే, ఆత్మ పావురంలా దిగింది, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినిపించింది. ముగ్గురూ ఒకే క్షణంలో ఉన్నారు.

ఆటల స్కోరు తప్పుపడితే మర్నాడే సవరణ వేస్తారు. మతం మీద ఎవరేం రాసినా చదివి చూసే దిక్కు లేదు. ఒకప్పుడు పత్రికలు ఇలా ఉండేవి కావు.

అసలు చిక్కు వేరు. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, తండ్రి కుమారుడు కాడు, దేవుడు ఒక్కడే. ఇక్కడ 'దేవుడు' అంటే 'అచ్చంగా ఆయనే' అని అర్థమైతే వైరుధ్యం తప్పదు. 'దైవ స్వభావం గలవాడు' అనుకుంటే వైరుధ్యం పోతుంది, ముగ్గురు దేవుళ్లు ఎందుకు కారన్న ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. యేసు శిష్యులు పేతురు, యాకోబు, యోహానుల మానవ స్వభావం ఒకటే, అయినా ముగ్గురు మనుషులు అంటాం కదా! 4వ శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగొరీ ఈ ప్రశ్నను దాచకుండా తానే ఎత్తుకున్నాడు. మనుషులు ఎవరి పని వారు చేస్తారు, దేవుడిలో ముగ్గురిదీ ఒకే క్రియ, అందుకే ముగ్గురు దేవుళ్లనకూడదు అన్నాడు. క్రియ ఒకటైనంత మాత్రాన కర్త ఒక్కడేనా అన్నది నన్నింకా వేధిస్తోంది. అయినా వైరుధ్యం ఉందని ఎవరైనా రుజువు చేయాలంటే ముందు ఈ జవాబును ఎదుర్కోవాలి. మీ ఇద్దరు రచయితలూ గ్రెగొరీ పేరే ఎత్తలేదు.

ఒక పాఠకురాలు