గేట్లకు పరీక్ష వేసవిలోనే పెట్టండి

సంపాదకులకు,

వానలు పడితే ప్రాజెక్టుల ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అంకెలు మీ పత్రికలో రోజూ వస్తాయి. ఎన్ని గేట్లు ఎత్తారో కూడా రాస్తారు. లేవని గేటు సంగతి మాత్రం ఊళ్లు మునిగాకే బయటపడుతోంది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు గ్రామాలను ముంచేసింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఎగువన పింఛ ప్రాజెక్టుకు గండిపడి ఆ నీరూ దీని మీదికే వచ్చింది. స్పిల్‌వే, అంటే మిగులు నీటిని వదిలే గేట్ల కట్టడం, తట్టుకోగలిగిన దానికంటే పెద్ద వరద అది, కాదనను. కానీ ఉన్న 5 గేట్లలో ఒకటి ఆ రాత్రి లేవలేదు. 2024 జులై 18న తెలంగాణలోని అశ్వారావుపేట మండలంలో పెదవాగు ప్రాజెక్టుకు గండిపడినప్పుడూ 3 గేట్లలో ఒకటి మొరాయించింది. ఆ నీరు దిగువన ఏలూరు జిల్లా వేలేరుపాడు, కుక్కునూరు మండలాల మీద పడింది. కడెం ప్రాజెక్టులో 2023 జులైలో 18 గేట్లకుగాను 14 మాత్రమే తెరుచుకున్నాయి.

లెక్క చూడండి. 5 గేట్లలో ఒకటి పనిచేయకపోతే నీటిని వదిలే శక్తిలో 20 శాతం పోయినట్టే. మూడింట్లో ఒకటి పోతే మూడో వంతు గల్లంతు. అందుకే తక్కువ గేట్లున్న మధ్యతరహా ప్రాజెక్టుల్లో ఒక్క గేటు మొరాయించినా ముప్పు చాలా పెద్దది. పరిశీలనలు, నిధులు మాత్రం ముందు పెద్ద డ్యాంలకే వెళ్తాయి.

కాంక్రీటు డ్యాం మీదుగా నీరు పొర్లినా కొంతసేపు నిలబడుతుంది. మట్టికట్టకు ఆ అవకాశం లేదు. కట్ట కుంగి పల్లమైన చోట ముందుగా నీరు దాటుతుంది, దిగువ వాలు మీద మట్టిని కోస్తుంది, ఆ కోత కింది నుంచి పైకి పాకుతూ కట్ట నెత్తికి చేరుతుంది. అక్కడికి చేరాక ఇసుక బస్తాలు వేసి ఆపడం ఎవరి తరమూ కాదు. కట్ట మీదుగా నీరు పోకుండా చూడటమే మార్గం, అందుకు గేట్లు లేవాలి.

గేటు ఎందుకు లేవదు? చాలావరకు కారణాలు చిన్నవే. గేటును పైకి లాగే ఉక్కు తాడుకు (వైర్ రోప్) పూసిన గ్రీజు ఎండి, దుమ్ముతో కలిసి గట్టిపడుతుంది. ఆ గ్రీజు కింద చెమ్మ చేరి లోపలి తీగలు తుప్పుపడతాయి, పైకి మాత్రం రోప్ బాగానే కనిపిస్తుంది. రెండు వైపుల రోప్‌లలో ఒకటి ఎక్కువ సాగితే గేటు ఓ పక్కకు ఒరిగి గాడిలో బిగుసుకుపోతుంది. రబ్బరు సీళ్లు గట్టిపడి కిందిపట్టీకి అంటుకుంటాయి. అడుగున పూడిక, కొట్టుకొచ్చిన కంప చేరతాయి. వంపుగా ఉండే రేడియల్ గేటుకైతే అది తిరిగే పిన్ను దగ్గర గ్రీజు అందకపోవడమే పెద్ద జబ్బు. ఇవన్నీ బాగున్నా వరద రాత్రి కరెంటు ఉండదు. జనరేటర్ బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా డీజిల్ ఉండదు. అప్పుడు జోరువానలో గేట్లెత్తే యంత్రాలుండే హోయిస్టు వంతెన మీద నిలబడి లష్కర్లు (గేట్లు చూసే సిబ్బంది) చేత్తో హ్యాండిల్ తిప్పాలి. అలా ఒక్క గేటు పూర్తిగా లేపాలంటే గంటలు పడుతుంది. వరద అంతసేపు ఆగదు.

పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో పెట్టాలి. అప్పుడు నీటిమట్టం గేటు అడుగు కంటే కిందికి దిగి ఉంటుంది కాబట్టి ధైర్యంగా పూర్తిగా ఎత్తి దించొచ్చు. అడుగో అరడుగో కదిలించి 'పనిచేస్తోంది' అని రిజిస్టరులో రాసుకుంటే అది పరీక్ష కాదు. పైదాకా ఎత్తాలి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాయాలి, మోటారు ఎన్ని ఆంపియర్లు లాగిందో రాయాలి. నిరుటి కంటే ఆంపియర్లు పెరిగితే గేటు ఎక్కడో పట్టేస్తోందన్నమాట. రోప్‌ను గుడ్డతో తుడిచి, తెగిన తీగలు లెక్కపెట్టి, అప్పుడు కొత్త గ్రీజు పూయాలి. పాత గ్రీజు మీదే కొత్తది రాస్తే తుప్పును కప్పిపెట్టినట్టే. జనరేటర్‌ను ఊరికే ఆన్ చేసి ఆపేయకుండా దాని మీదే ఒక గేటు ఎత్తి చూడాలి. రాయలసీమ, నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి కాబట్టి అక్కడ సెప్టెంబరులో రెండోసారి చూడక తప్పదు.

కట్ట సంగతి కూడా అప్పుడే తేలిపోవాలి. తుమ్మ, కంప చెట్లు కొట్టేయాలి. ఎలుక బొరియలు, పీతల బొక్కలు తవ్వి బంకమట్టితో దిమ్మిస కొట్టి పూడ్చాలి. దిగువన ఊట తేటగా వస్తుంటే గమనిస్తూ ఉంటే సరిపోతుంది. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఇక ఒక్కరోజు కూడా ఆగకూడదు.

గేటు పోతే నష్టం వరదతోనే ఆగదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. డ్యాం నిండి ఉన్న సమయం అది. గేటు స్థానంలో తాత్కాలికంగా దించే అడ్డుపలక, అంటే స్టాప్‌లాగ్, సిద్ధంగా లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో అప్పటికప్పుడు చేయించి దించేసరికి వారం దగ్గరపడింది. ఈలోగా కిందికి పోయిన దాంట్లో కర్నూలు, అనంతపురం పొలాలకు రావాల్సిన నీరూ ఉంది. కరువు సీమకు అంతకంటే అన్యాయం ఏముంటుంది? పులిచింతలలో 2021 ఆగస్టులో, గుండ్లకమ్మలో 2022లో గేట్లు కొట్టుకుపోయినా మనం మేలుకోలేదు. ప్రతి ప్రాజెక్టుకూ కనీసం ఒక సెట్టు స్టాప్‌లాగ్‌లు, వాటిని దించే క్రేను ఉండి తీరాలి.

2021 నాటి డ్యాం భద్రత చట్టం వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలంటోంది, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయాలంటోంది. తనిఖీ నివేదిక ఆఫీసు బీరువాలో ఉంటే కట్ట కింద పడుకునే మనిషికి ఏం ఉపయోగం? ప్రతి ప్రాజెక్టు దగ్గరా, దిగువ గ్రామ పంచాయతీల్లోనూ మే 31 కల్లా తెలుగులో బోర్డు పెట్టించండి. ఏ గేటు ఏ తేదీన పూర్తిగా ఎత్తారు, ఏది లేవలేదు, ఎప్పటికి బాగుచేస్తారు, రాత్రి సైరన్ మోగితే ఏ దారిన ఎటు వెళ్లాలి అన్నవి అందులో ఉండాలి. పెదవాగు లాంటి చోట ప్రాజెక్టు తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఖర్చు ఎవరిదన్న వాదన తేలేదాకా వరద ఆగదు. ముందు బాగుచేసి తర్వాత లెక్కలు చూసుకోవాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

లష్కర్ల ఖాళీలు భర్తీ చేయడం, ఉన్న పొరుగుసేవల వారికి నెలనెలా జీతం ఇవ్వడం కూడా ఈ పనిలో భాగమే. ఏ గేటు ఏ పక్కకు ఒరుగుతుందో ముందుగా తెలిసేది వాళ్లకే. నిర్వహణ నిధులు మార్చిలోగా విడుదలైతేనే వేసవి పనులు వేసవిలో అవుతాయి. జూన్‌లో వచ్చిన డబ్బుతో, నీళ్లలో ఉన్న గేటుకు సీలు మార్చలేం.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజినీరు,
రాజంపేట