ఇంటిగ్రేషన్ పనికి కావలసిన నైపుణ్యాలు

సభ్యులందరికీ నమస్కారం.

వ్యాపార ప్రక్రియలను అనుసంధానించే సాఫ్ట్‌వేర్ రంగంలోకి రావడానికి ఏ టూల్ నేర్చుకోవాలని కొందరు అడుగుతున్నారు. మ్యూల్‌సాఫ్ట్, అపాచీ కామెల్ వంటి వాటిలో ఏదో ఒకటి చేతికి రావలసిందే గానీ, నా దృష్టిలో అది రెండో మెట్టు; అనుసంధానించే ప్రక్రియ ఎలా నడుస్తుందో, ఎక్కడ తెగుతుందో తెలుసుకోవడం మొదటిది.

జీఎస్టీ ఈ-ఇన్వాయిస్‌నే తీసుకోండి. 2023 ఆగస్టు 1 నుంచి, వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన సంస్థలు, మినహాయింపు ఉన్నవి తప్ప, తోటి వ్యాపారులకు ఇచ్చే ఇన్వాయిస్ వివరాలను నిర్ణీత జేసన్ (డేటాను పంపే ఒక టెక్స్ట్ ఫార్మాట్) రూపంలో ఈ-ఇన్వాయిస్ నమోదు పోర్టల్‌కు పంపి, 64 అక్షరాల ఐఆర్ఎన్‌ను (ఇన్వాయిస్ రిఫరెన్స్ నంబరును), క్యూఆర్ కోడ్‌ను పొందాలి. పోర్టల్ ఐఆర్ఎన్ జారీ చేశాక, ఆ జవాబు మన ఈఆర్పీకి (సంస్థ లెక్కలు, లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్‌కు) చేరేలోపే నెట్‌వర్క్ తెగిపోతే ఏం చేయాలి? అదే ఇన్వాయిస్‌ను మళ్ళీ పంపితే డూప్లికేట్ అంటూ పోర్టల్ తిప్పికొడుతుంది. దాన్ని వైఫల్యంగా నమోదు చేయకుండా, అప్పటికే జారీ అయిన ఐఆర్ఎన్‌ను తెచ్చి రికార్డులో నింపేలా ప్రోగ్రాం రాయగలగడమే అసలు నైపుణ్యం. పోర్టల్‌లో ఐఆర్ఎన్ రద్దుకు 24 గంటలే గడువన్న సంగతి కోడ్‌లో కనిపించదు, అకౌంట్స్ విభాగంతో కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది. (ఆ కూర్చోవడమే మనలో చాలామందికి కష్టం.)

ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష), ఎక్స్ఎంఎల్ (మరో డేటా ఫార్మాట్), జావా, మెసేజ్ క్యూలు (సాఫ్ట్‌వేర్‌ల మధ్య సందేశాలను వరుసలో నిలిపి అందించేవి), బీపీఎంఎన్ చిత్రాలు (వ్యాపార ప్రక్రియను దశలవారీగా గీసే పద్ధతి) ఎలాగూ తప్పవు. సాధన చేయదలచినవారికి ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) వారి ఈ-ఇన్వాయిస్ ఏపీఐ శాండ్‌బాక్స్, అంటే ప్రోగ్రాం నుంచి పోర్టల్‌తో మాట్లాడడాన్ని పరీక్షించుకునే చోటు, ఉంది; దాని డాక్యుమెంటేషన్‌లో ఎర్రర్ కోడ్‌ల పట్టికను ముందుగా చదవండి.