కొలిమిలో ఇనుము కరగదురా

చిరంజీవి కార్తీక్‌కు,

నాన్న ఆశీస్సులు. ఉత్తరం చూసి కంగారుపడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్‌లో చెబుదామంటే, మొన్న ఆదివారం నాలుగో నిమిషానికే ఇద్దరం అరుచుకున్నాం. మీ అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కోవాల్సి వచ్చింది. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు, నేను గొంతు పెంచలేను.

గ్రూపులో నువ్వూ రవి అన్నయ్యా రాత్రి రెండింటిదాకా కొట్టుకున్న మెసేజ్‌లన్నీ చదివాను. న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లు విమానాల వల్ల కూలలేదు, అమెరికా ప్రభుత్వమే బాంబులు పెట్టి కూల్చిందని నీ వాదన. "జెట్ ఫ్యూయల్‌తో స్టీలు కరగదు, ఆమాత్రం ఫిజిక్స్ రాదా" అని నువ్వు. "ఆ పిచ్చి వీడియోలు మానెయ్" అని వాడు. ఆఖర్న వాణ్ని అమెరికాకి అమ్ముడుపోయావన్నావు. వాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి మీ పెద్దమ్మ ఫోన్. "ఆ బిల్డింగులు కూలి ఇరవై ఏళ్ళు దాటింది కదయ్యా, వీళ్ళకిప్పుడేం వచ్చింది" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నేను అక్కడ ఉన్నానుగా, ఆ ఒక్క మాట గ్రూపులో చెప్పమని రవి బతిమాలాడు. చెప్పలేదు. ఎందుకంటే నేను చూసింది పొగ. 2001 సెప్టెంబర్ 11 మంగళవారం పొద్దున నేను జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో ఉన్నాను. వై టూ కే కంప్యూటర్ పనుల పుణ్యమా అని వెళ్ళినవాళ్ళం, డాట్‌కామ్ కంపెనీలు మునిగాక సగంమందిమి ప్రాజెక్టు లేక బెంచి మీదే. ఉప్మాకి పోపు వేస్తుంటే కింద కొట్టు ఈజిప్టు ఆయన పైకొచ్చి తలుపు బాదాడు. మేడ మీదకెక్కాం. హడ్సన్ నదికి అవతల ఒక టవర్ మండుతోంది. చిన్న విమానమేదో దారితప్పి తగిలిందనుకున్నాం. 9 గంటల 3 నిమిషాలకి రెండోదానికి తగిలాక ఎవరూ మాట్లాడలేదు. ఆ ఈజిప్టు ఆయన ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని మెట్ల మీద కూలబడ్డాడు. 2015లో ఒక నాయకుడు, అరబ్బులు ఎక్కువగా ఉండే జెర్సీ సిటీలో టవర్లు కూలుతుంటే వేలమంది కేరింతలు కొట్టారని అన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఊరంతా నేను చూడలేదు గానీ, వేలమంది అన్నదానికి ఆధారం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

కాబట్టి కళ్ళారా చూసిన సాక్షినని నీ మీద గెలవను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి, మీ అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. 2006, 2007లో, నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు, ఈ వీడియోలన్నీ నేనూ చూశాను. నమ్మాను కూడా. నువ్వు ఏడిస్తే ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, ఇంకో చేత్తో మౌస్ పట్టుకుని. కాబట్టి "నీకేం తెలుసు నాన్నా" అన్నావు చూడు, ఆ ఒక్క మాట మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు నీ ఫిజిక్స్ దగ్గరికొద్దాం. స్టీలు కరగడానికి 1500 డిగ్రీల దాకా కావాలి, విమానం ఇంధనం మంట 1000 దాటడం కష్టం. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. కానీ కరిగిందని ఎవరన్నారు? మీ ముత్తాత కమ్మరి, తాతయ్య కమ్మరి. ఇద్దరూ బతుకంతా ఇనుముతోనే గడిపారు, ఒక్కరోజూ కరిగించలేదు. తిత్తి ఊది, నాగటి కర్రు ఎర్రబడగానే పటకారుతో తీసి దాగలి మీద పెడితే, పదేళ్ళవాణ్ని నేను కొట్టినా సమ్మెట దెబ్బకి వంగేది. అదే ఇనుము చల్లారాక నా చేయి విరగాలి తప్ప అది వంగదు. 600 డిగ్రీలకే స్టీలు బలం సగానికి సగం పోతుందని మీ పుస్తకంలోనే ఉంటుంది, చూడు. ఆ టవర్లలో స్టీలుకి మంట తగలకుండా వేసిన పూత విమానం గుద్దుడుకి రాలిపోయింది. వేడికి అంతస్తులు ఉయ్యాల్లా కిందకి జారి, బయటి కాలమ్స్‌ని, అంటే స్తంభాలని, లోపలికి లాగాయి. కూలడానికి ముందు తీసిన ఫోటోల్లో ఆ గోడ లోపలికి వంగి కనిపిస్తుంది. దక్షిణం టవర్ 56 నిమిషాలు నిలబడింది, ఉత్తరంది 102 నిమిషాలు.

మరి ఆ టవర్ల పక్కనే కూలిన ఏడో నంబర్ బిల్డింగో అంటావు. నేనూ అక్కడే ఇరుక్కున్నాను. 47 అంతస్తులు, ఏ విమానమూ తగల్లేదు, సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకి నిలువునా కూలింది. నా అనుమానమంతా దాని మీదే ఉండేది.

బండి చక్రానికి పట్టా వెయ్యడం నువ్వు చూడలేదు. నీకు ఊహ తెలిసేసరికి మన ఊళ్ళో ట్రాక్టర్లే మిగిలాయి. ఇనుప పట్టాని చక్రం కంటే పిసరంత చిన్నదిగా చేస్తారు. దాన్ని నేల మీద పడుకోబెట్టి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. ఉత్త పిడకల మంటరా. ఆ కాకకే పట్టా సాగుతుంది. నలుగురు నాలుగు పటకార్లతో ఎత్తి చెక్క చక్రానికి తొడిగి, గబగబా నీళ్ళు పోస్తారు. చుయ్‌మని ఆవిరి లేచి, పట్టా బిగుసుకుంటుంటే చెక్క అతుకులు కిర్రుమనేవి. తాతయ్య ఆ చప్పుడు వినే సరిగ్గా కూర్చుందో లేదో చెప్పేవాడు.

ఏడో బిల్డింగులో జరిగింది ఆ సాగడమే. పక్కన టవర్ కూలినప్పుడు ఎగిరిపడ్డ శిథిలాలతో పది అంతస్తుల్లో నిప్పంటుకుంది. నీళ్ళ మెయిన్ పైపు పగిలింది, కింది అంతస్తుల స్ప్రింక్లర్లకి నీళ్ళు లేవు. గంటల తరబడి కాగి సాగిన బీములు, 13వ అంతస్తు దగ్గర గర్డర్ అనే పెద్ద దూలాన్ని దాని ఆసనం మీదినుంచి నెట్టేశాయి. ఆ అంతస్తు కింద పడి, దాని కిందవి వరసగా కూలి, 79వ నంబర్ కాలమ్ తొమ్మిది అంతస్తుల ఎత్తున పక్క ఆసరా లేకుండా మిగిలి వంగిపోయింది. నిస్ట్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ మూడేళ్ళు కూర్చుని 2008లో చెప్పిన మాట ఇది.

ఇక్కడ నీకు ఉపయోగపడేది కూడా చెప్తా, దాచను. ఆగస్టులో వాళ్ళిచ్చిన ముసాయిదాలో ఫ్రీ ఫాల్, అంటే కింద ఏ అడ్డూ లేనట్టు పడడం, లేదన్నారు. ఒక హైస్కూల్ ఫిజిక్స్ టీచర్ వీడియోని ఫ్రేము ఫ్రేముగా కొలిచి, ఉందని పట్టుకున్నాడు. నవంబర్‌లో ఇచ్చిన తుది రిపోర్టులో 2.25 సెకన్లు, ఎనిమిది అంతస్తుల మేర ఫ్రీ ఫాల్ ఉందని ఒప్పుకున్నారు. లోపలంతా అప్పటికే పోయింది, బయటి డొల్ల కాలమ్స్ ఒక్కసారిగా వంగేసరికి అడ్డుకునేది లేకపోయిందని వివరించారు. ఆ టీచర్ అడిగింది మంచి ప్రశ్న. నీ వీడియోల్లో ఆ ప్రశ్న ఉంటుంది, జవాబు ఉండదు. జవాబు దగ్గరికొచ్చేసరికి మ్యూజిక్ పెంచి, బీబీసీ 20 నిమిషాల ముందే కూలిందని ఎలా చెప్పిందీ అంటారు. మధ్యాహ్నం నుంచే అది పడిపోతుందని ఫైర్ వాళ్ళు జనాన్ని దూరం జరుపుతున్నారు, ఆ గందరగోళంలో ఒక తప్పుడు వార్త వచ్చింది, బీబీసీ వాళ్ళు చదివేశారు. అది చెబితే ఇంకోదానికి దూకుతారు. ముందే తెలిసి నాలుగు వేలమంది యూదులు ఆ రోజు పనికి రాలేదన్న ఈమెయిల్ నాకు ఆ నెలలోనే వచ్చింది. పోయినవాళ్ళలో వందలమంది యూదులున్నారు. మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

ప్రభుత్వాలు అబద్ధాలాడవా అన్నావు. ఆడతాయిరా. నా రూమ్మేట్ ఆఫీసు ఆ టవర్లకి నాలుగు వీధుల అవతల. ఆ రాత్రి పడవ మీద నది దాటి వచ్చాడు. బూట్లు గుమ్మం బయట విప్పాడు. వాటి మీది దుమ్ము బూడిదలా లేదు, తడిపితే సిమెంటులా అంటుకుంది. సరిగ్గా వారానికి, సెప్టెంబర్ 18న, ఆ గాలి పీల్చుకోవచ్చు, ప్రమాదం లేదని వాళ్ళ పర్యావరణ శాఖ పెద్దావిడ ప్రకటించింది. వీడు డ్యూటీకి వెళ్ళాడు. రాత్రుళ్ళు దగ్గుతూనే ఉండేవాడు. అంత ఖాయంగా చెప్పడానికి అప్పటికి సరిపడా పరీక్షలే లేవనీ, ఆ ప్రకటనల్లో వైట్‌హౌస్ చెయ్యి పెట్టి జాగ్రత్తలు తీయించిందనీ ఆ శాఖ సొంత తనిఖీ అధికారే 2003లో రాసింది. ఆ రోజు పోయిన ఫైర్ సిబ్బంది 343 మంది. తర్వాత ఆ దుమ్ము జబ్బులతో పోయినవాళ్ళ లెక్క దాన్ని దాటింది.

అదే 2003లో ఇరాక్ దగ్గర లేని ఆయుధాలు చూపించి యుద్ధానికి వెళ్ళారు. ఇక టవర్ల మీద దాడికి నెల ముందు, 2001 ఆగస్టు 6న, బిన్ లాడెన్ అమెరికాలోనే దెబ్బ కొట్టాలని చూస్తున్నాడని అధ్యక్షుడి చేతికి కాగితం వచ్చింది. హైజాకర్లలో ఇద్దరు దేశంలోకి వచ్చారన్నది సీఐఏకి తెలిసీ ఎఫ్‌బీఐకి సమయానికి చెప్పలేదు. ఇవన్నీ దాచిన సంగతులు కావు, అచ్చయిన రిపోర్టులు. చదవడానికి విసుగ్గా ఉంటాయి, మ్యూజిక్ ఉండదు. బాంబులు పెట్టారన్న వీడియోలు నలభై పంపావు. ఆ గాలి గురించి ఒక్కటి కూడా పంపలేదు. నాకు కోపం వచ్చింది దానికి.

సరే. దసరాకి సెలవులు ఎప్పటినుంచో అమ్మకి చెప్పు, టికెట్ నేను చేస్తాను. ఆయుధపూజకి అటక మీంచి తాతయ్య సమ్మెట, పటకారు దించాలి. నా నడుము సహకరించడం లేదు.

రవికి మన సాయంత్రం ఆరింటికి ఫోన్ చెయ్యి. అమెరికాలో అప్పుడు పొద్దున, వాడు కారులో ఆఫీసుకి వెళ్తుంటాడు, ఒక్కడే ఉంటాడు. స్టీలు సంగతి ఎత్తకు. అమ్ముడుపోయావన్న మాట ఒక్కటి వెనక్కి తీసుకో, చాలు.

మీ నాన్న